రైలు భద్రతకు వేరొక పరీక్షాధికారి

(వార్షికోత్సవ దినమున తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు లేచి ఉత్తీర్ణుల సంఖ్యను, చాలని గదులను, రాని గ్రాంటును గూర్చి చెప్పుట వాడుక. ఆ నివేదికను అచ్చువేయించి మీకందరకు పంచియే యున్నాము గనుక దానిని మరల చదువము. ఈ సాయంకాలము మీతో రైలు భద్రతను గూర్చి ముచ్చటింపదలచితిమి. పంతులుగారికి రైళ్లగొడవ యేల యని కొంద రనుకొనవచ్చును. మేము ఇంటర్మీడియేటు వరకు చదివి బడిపనిలో ప్రవేశించినవారము; ఇంజనీర్లము కాము. కాని యీ ఖుర్దారోడ్డున తెలుగు బడి యుండుటకు కారణము రైలే గదా. శ్రీకాకుళము, విజయనగరము వైపునుండి గ్యాంగుపనికిని, షెడ్డుపనికిని, పాయింట్సుపనికిని వచ్చిన కుటుంబములే యిచ్చట నిలిచి తమ పిల్లలకు తమ భాష చెప్పించుకొనవలెనని కోరినవి. నేటికిని మన ప్రవేశ పట్టికలో తండ్రి వృత్తి యను గడిలో "రైల్వే" యని వ్రాయు చేతికి అలవాటు తప్పలేదు. సెలవులు వచ్చినచో మన పిల్లలు తాతగారి యూరికి పోవునదియు రైలుమీదనే.

2023 జూన్ 2వ తేదీ సాయంకాలము బాలేశ్వరు జిల్లాలోని బాహానగా బజారు స్టేషనులో జరిగినది మీకు తెలియనిది కాదు. మన స్టేషను మీదుగా చెన్నై పోవలసిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్సుకు మెయిన్ లైనున సాగిపొమ్మని పచ్చ సిగ్నలు వచ్చినది. పాయింటు మాత్రము లూపు లైనునకు తిరిగియున్నది. గంటకు 128 కిలోమీటర్ల వేగమున వచ్చిన బండి లూపులోనికి మళ్లి, ఇనుప ఖనిజముతో నిలిచియున్న గూడ్సును ఢీకొన్నది. చెదరిన పెట్టెలు ప్రక్క లైనున ఎదురుగా పోవుచున్న బెంగుళూరు-హౌరా బండి చివరి పెట్టెలకు తగిలినవి. 290 మందికి పైగా మరణించిరి.

ఉపాధ్యాయులము గనుక మాకు మరపురాని విషయ మొకటి యున్నది. ఆ రాత్రి మృతదేహములను ఉంచుటకు చోటు లేక దగ్గరనున్న ఉన్నత పాఠశాల గదులలో వరుసగా పరుండబెట్టిరి. అవి వేసవి సెలవులు. సెలవుల పిమ్మట ఆ బడికి రావలసిన పిల్లలు రామనిరి. పంపుటకు తలిదండ్రులకును మనసొప్పలేదు. తుదకు వారము దినములలోనే ఆ పాత గదులను పడగొట్టవలసి వచ్చినది. పాఠము చెప్పిన గోడలను చూచి పిల్లలు భయపడు స్థితి యే ఉపాధ్యాయునకు రాకూడదు. ఈ వార్త చదివిన దినమున మేము మన ఎనిమిదవ తరగతి గదిలో చాలసేపు ఒంటరిగా కూర్చుంటిమి.

ఇంతటి ఘోరమునకు కారణమేమి? 2023 జూలైలో రాజ్యసభలో రైల్వేమంత్రిగారిచ్చిన సమాధానమువలన విచారణ సారాంశము తెలిసినది. ఆ స్టేషను ఉత్తరపు సిగ్నలు గుమ్టీలో పూర్వమొకప్పుడు తీగల కలయికను మార్చుటలో పొరపాటు జరిగినది. ప్రమాదము నాడు 94వ నంబరు గేటునకు క్రొత్త విద్యుత్తు అడ్డుకమ్మిని అమర్చు పనిలో మరల లోపము జరిగినది. పాయింటు ఒకవైపునకు తిరిగియుండగా, వేరొకవైపునకు తిరిగియున్నట్లు సిగ్నలు నమ్మినది. సిగ్నలును డ్రైవరు నమ్మెను. డ్రైవరును ప్రయాణికులు నమ్మిరి.

ఇంతవరకు విన్నచో ఎవరో యొక పనివాని చేతి పొరపాటని యనిపించును. కాని కథ అంతటితో ముగియలేదు. ఖరగ్‌పూరు డివిజనులోనే బాంకరానయాబాజ్ అను స్టేషనులో 2022 మే 16వ తేదీన తీగల తప్పుకలయికచేత ఇట్టి సంఘటనయే జరిగియున్నది. అప్పుడే తగిన దిద్దుబాటు చేసియుండినచో బాహానగా ప్రమాదము జరిగియుండెడిది కాదని విచారణాధికారి స్పష్టముగా వ్రాసెను. 2023 ఫిబ్రవరి 8వ తేదీన కర్ణాటకములోని హోసదుర్గ రోడ్డు స్టేషనులో సంపర్కక్రాంతి ఎక్స్‌ప్రెస్సుకు సిగ్నలు ఒకటి, పాయింటు ఒకటి చూపినవి. డ్రైవరు గమనించి బండి నిలిపెను గనుక ఆ పూట వందలమంది ప్రాణములు దక్కినవి. మరునాడే ఆ రైల్వేలోని పెద్ద యధికారి యొకరు ఇది పద్ధతిలోనే గల గొప్ప లోపమనియు, సరిచేయనిచో ప్రమాదములు తప్పవనియు లేఖ వ్రాసిరి. నాలుగు నెలలు నిండకమునుపే బాహానగా.

ఇచ్చట మేము అడుగదలచిన ప్రశ్న యొక్కటే. ఆ లేఖ ఎవరికి చేరినది? రైల్వేవారినుండి రైల్వేవారికే చేరినది. పని ఆపి తీగలన్నియు పరీక్షింపుడని శాసించుటకు రైల్వేకు వెలుపల ఎవరికైనను అధికారము కలదా?

మన బడి సంగతియే చెప్పెదము. పదవ తరగతి పిల్లల జవాబు కాగితములను మేమే దిద్దుకొని, మేమే మార్కులు వేసికొని, మేమే ఉత్తీర్ణత శాతమును ప్రకటించుకొనుచో మీరు నమ్ముదురా? మేము మంచివారమే కావచ్చును. అయినను బోధించినవాడు పరీక్షకుడు కారాదు. కాగితములు వేరొక యూరికి పోయి, పిల్లవాని పేరు తెలియని చేతులలో పడవలెను. అందువలన మాకు అవమానము లేదు. మా పిల్లల మార్కులకు గౌరవము కలుగుచున్నది. రైలు విషయమున ఈ నియమమును మన దేశము సగము మాత్రమే పాటించినది.

సగము అని యేల యంటిమో చెప్పెదము. 1937 జూలైలో పాట్నా సమీపమున బిహటా వద్ద రైలు పడిపోయి నూరుమందికి పైగా మరణించిరి. పసిఫిక్ తరగతి యింజన్లలోని లోపమును గూర్చి విచారించుటకు నియమించిన సంఘమునకు ఇంగ్లండులో రైళ్ల తనిఖీకి పెద్దయైన కర్నల్ మౌంట్ అధ్యక్షుడు. తనిఖీ చేయు నధికారులు రైల్వేబోర్డు క్రింద నుండుట తగదని ఆ సంఘము 1939లో వ్రాసెను. కేంద్ర శాసనసభయు నంగీకరించెను. 1941 మే నెలలో రైల్వే ఇన్‌స్పెక్టరులను బోర్డునుండి విడదీసి తపాలా, విమాన శాఖ క్రింద నుంచిరి. వారే 1961 నుండి రైల్వే భద్రతా కమిషనుగా నున్నారు. ప్రధాన కార్యాలయము లక్నోలో. రైళ్లను విచారించు కమిషను నేటికిని విమానయాన మంత్రిత్వశాఖలో నుండుటకు కారణమిది. విని కొందరు నవ్వుదురు గాని, దానిలో మంచి యుద్దేశమే యున్నది.

అయినను ఆ కమిషను బలమెంత? క్రొత్త లైను తెరచుటకు అనుమతి దాని చేతిలో నున్నది. ప్రయాణికులు మరణించిన పెద్ద ప్రమాదములను విచారించును. ఆపై అది చేయునది సిఫారసు మాత్రమే. అంగీకరించుటయు, మానుటయు రైల్వేబోర్డు చిత్తము. కమిషనర్లుగా వచ్చువారు కూడ రైల్వే సర్వీసులలో పెరిగిన ఇంజనీర్లే. వారి నిజాయితీని మేము శంకించుట లేదు. బాహానగా నివేదికను నిర్భయముగా వ్రాసినవారు వారే. ఇక చిన్న ప్రమాదములను, అనగా పట్టాలు తప్పి ఎవరును చావని వాటిని, రైల్వేవారే తమలో తాము కూర్చుండి విచారించుకొందురు. నేడు ఎవరును చావని ప్రమాదమే రేపటి బాహానగాకు గుర్తు గదా! 2017-18 మొదలు 2020-21 వరకు బండ్లు పట్టాలు తప్పిన సంఘటనలను పరిశీలించి కంప్ట్రోలర్, ఆడిటర్ జనరలువారు పార్లమెంటునకు సమర్పించిన నివేదికలో, అట్టి విచారణలలో నూటికి 63 గడువులోపల ముగియలేదని యున్నది. పట్టాలను కొలుచు బండ్లతో చేయవలసిన తనిఖీలలో నూటికి 30 మొదలు 100 వరకు లోటు కనబడినదట. నూటికి నూరు లోటన నొకసారియు పోలేదనియే యర్థము.

విచారణ వెలుపలివాని చేతిలో నున్నచో కలుగు భేదమునకు దగ్గరి దృష్టాంత మొకటి కలదు. 2024 జూన్ 17వ తేదీ ఉదయమున ఉత్తర బెంగాలులో రంగాపాని సమీపమున ఆగియున్న కాంచనజంగా ఎక్స్‌ప్రెస్సును వెనుకనుండి గూడ్సు ఢీకొన్నది. పదిమంది పోయిరి, గూడ్సు డ్రైవరు, నేటి మాటలో లోకో పైలట్, వారిలో నొకడు. ఆ దినముననే, శవము ఇల్లు చేరకమునుపే, ఆ డ్రైవరు ఎఱ్ఱ సిగ్నలును లెక్కచేయలేదని రైల్వే పెద్దలు పత్రికలకు చెప్పిరి. చనిపోయినవాడు జవాబు చెప్పలేడు. పిమ్మట భద్రతా కమిషనరు విచారించగా తేలిన దేమి? తెల్లవారుజామునుండి ఆటోమేటిక్ సిగ్నళ్లు పనిచేయుట లేదు. ఎఱ్ఱ సిగ్నళ్లను దాటిపొమ్మని స్టేషనునుండి కాగితము ఇచ్చియున్నారు. ఆ సందర్భమునకు తగిన కాగితమది కాదు. ఎంత వేగమున పోవలెనో దానిలో లేదు. ఆ ఉదయము అట్టి కాగితముతో పోయిన బండ్లు తలకొక వేగముతో పోయినవి. నియమము ఏమో నడుపువారికి సరిగా నేర్పనేలేదు. ఇది జరుగుటకు వేచియున్న ప్రమాదమని కమిషనరు వ్రాసెను.

తల్లులారా, ఈ విషయమున మేము కొంత నిలిచి మాటాడుటకు కారణ మున్నది. మీలో కొందరి భర్తలు ఇంజనుమీద నున్నవారు. వారు రాత్రి డ్యూటీకి పోవునపుడు మీరు కోరునది వారు క్షేమముగా తిరిగి రావలెననియే. రాలేకపోయినచో, విచారింపకమునుపే వారి పేరున నిందపడి, దానిని వారి పిల్లలు బడిలో మోయు నవస్థ యెట్టిదో, బడివారము గనుక మేము ఊహింపగలము.

మన తెలుగుదేశములోను దీనికి పాత జ్ఞాపక మొకటి యున్నది. 1956 సెప్టెంబరులో మహబూబునగరు, జడ్చర్లల నడుమ వంతెన కొట్టుకొనిపోయి నూరుమందికి పైగా మరణించిరి. రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా నియ్యగా నెహ్రూగారు అంగీకరింపలేదు. మూడు నెలలు గడువకమునుపే నవంబరులో తమిళనాట అరియలూరు వద్ద మరల వరదవలన వంతెన చెడి రైలు పడినది. ఈసారి శాస్త్రిగారి రాజీనామా ఆమోదము పొందినది. ఆయన ధర్మబుద్ధిని నాటినుండి మనము పిల్లలకు పాఠముగా చెప్పుచున్నాము, చెప్పవలసినదే. అయినను మంత్రి దిగిపోయినంతమాత్రమున తరువాతి వంతెన గట్టిపడదు. వంతెనను వానకాలమునకు ముందు చూచి, దీనిమీద బండి పోరాదని ఆపగలవాడు కావలెను.

ఇతర దేశములు ఏమి చేసినవి? లండనులో 1988 డిసెంబరు 12వ తేదీన క్లాఫమ్ జంక్షన్ వద్ద 35 మంది చనిపోయిరి. అచ్చటను కారణము తీగయే. సిగ్నలు మార్చుపనిలో పాత తీగ నొకదానిని తొలగింపక వదలగా అది మరల తగులుకొని, ఎఱ్ఱ చూపవలసిన సిగ్నలు చూపలేదు. ఆ పనివాడు అంతకుముందు పదమూడు వారములలో ఒక్క దినము మాత్రమే సెలవు పొందినవాడట. అతడు చేసిన పనిని రెండవవాడు చూడనే లేదు. పిమ్మట 1999 అక్టోబరు 5న లాడ్‌బ్రోక్ గ్రోవ్ వద్ద 31 మంది మరణించిరి. ఆ ఒక్క సిగ్నలును అంతకుముందు ఆరేండ్లలో ఎనిమిదిమార్లు డ్రైవర్లు ప్రమాదస్థితిలో దాటియున్నారని తెలిసినది. మన బాంకరానయాబాజ్ వలెనే, ముందు మ్రోగిన గంటను ఎవరును వినలేదు. అటుతరువాత ఆ దేశమువారు 2005 నుండి ప్రమాద విచారణకు స్వతంత్రమైన శాఖ నొకదానిని, 2006 నుండి రైళ్ల భద్రతను శాసించుటకు వేరొక స్వతంత్ర కార్యాలయమును నడుపుచున్నారు. ఆస్ట్రేలియాలో రాష్ట్రమున కొక తనిఖీశాఖ యుండగా, 2013 జనవరినుండి దేశమంతటికి ఒక్కటే భద్రతాధికార సంస్థను నెలకొల్పి, రాష్ట్రములు ఒక్కొక్కటిగా చేరునట్లు చేసిరి.

మన దేశములో ఇట్టి ఆలోచన లేకపోలేదు. డాక్టరు అనిల్ కాకోద్కరుగారి అధ్యక్షతన నియమించిన సంఘము 2012 ఫిబ్రవరిలో నివేదిక నిచ్చినది. చట్టబద్ధమై, రైల్వే మంత్రిత్వశాఖకు లోబడని రైల్వే భద్రతా ప్రాధికార సంస్థను స్థాపింపవలెనని దానిలో నున్నది. దాని ఇతర సిఫారసులు కొన్ని అమలుకు వచ్చినవి. పెద్ద లైన్లపై కాపలాలేని గేట్లను తొలగించిరి. ఈ సిఫారసు మాత్రము కాగితముమీదనే యున్నది. నడుమ బాహానగా జరిగినది. విజయనగరము జిల్లా కంటకాపల్లి వద్ద 2023 అక్టోబరు 29న విశాఖనుండి బయలుదేరిన రెండు ప్యాసింజర్లు ఢీకొని 14 మంది పోయిరి.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు, బండి నడుపువాడొకడు, ఆపువాడొకడు అయినచో రైలు సాగునా యని కొందరందురు. ఇప్పుడును గార్డు, డ్రైవరు ఇద్దరుండియే గదా బండి సాగుచున్నది! రైలు సంగతి రైలువానికే తెలియు నను మాట మరికొంత బలమైనది. అది నిజమే. కాని తెలిసినవారిని ఆ సంస్థలోనికి తీసికొనవచ్చును. తీసికొన్నపిమ్మట వారు మరల రైల్వేలో పదోన్నతికై చూడని ఏర్పాటు చేయవలెను. కవచ్ వంటి యంత్రములు వచ్చినచో ఇవన్నియు తీరునని చెప్పువారును కలరు. ఆ యంత్రమును మన దక్షిణ మధ్య రైల్వేలోనే పరీక్షించి వృద్ధిచేసిరి, సంతోషమే. అయితే ఆ యంత్రమునకును తీగలుండును. ఆ తీగలను కూడ ఎవరో యొకరు పరీక్షింపవలెను.

మా ఆలోచనలో నొక్కటి యుండవలెనన్నది రైల్వేకు వెలుపలి భద్రతాధికారము. పెద్ద ప్రమాదము, చిన్న ప్రమాదము, తప్పిపోయిన ప్రమాదము, అన్నియు అచ్చటికే చేరవలెను. దిద్దుబాటు కానిచోట బండ్ల వేగము తగ్గించుటకు, పని ఆపుటకు దానికి చట్టము అధికార మియ్యవలెను. నివేదికలను ప్రజలందరు చదువునట్లు ప్రకటింపవలెను. అయితే ఆ యింటిలో రెండు గదులుండుట మంచిది: లైనుకు అనుమతి ఇచ్చినవాడే ఆ లైనుపై జరిగిన ప్రమాదమును విచారింపరాదు. నేటి కమిషనులో ఆ రెండు పనులును ఒక చేతిమీదనే జరుగుచున్నవి. ఈ సంగతి చాలమంది గమనింపరు గాని, మాకు చాల ముఖ్యముగా తోచుచున్నది.

తప్పు కనిపెట్టి చెప్పిన చిన్న పనివానికి రక్షణ యుండవలెనని కూడ చేర్చవలసి యున్నది. మన పూర్వవిద్యార్థి యొకడు సిగ్నలు శాఖలో చేరి, సెలవులలో మమ్ము చూడవచ్చెను. ఏ శాఖలో, ఏ యూర అని చెప్పము. "మాస్టారూ, పెట్టెలో చీటీ యొకటి, తీగ యొకటి యుండును. చెప్పినచో పని ఆలస్యము చేయుచున్నావందురు" అనెను. మేము జవాబు చెప్పలేకపోతిమి. చిన్ననాడు లెక్క తప్పైనచో దాచవద్దు, చూపుమని వానికి నేర్పినది మేమే.

ఈ విషయమై సంఘము తరపున లోక్‌సభ అర్జీల సంఘమునకు ఒక అర్జీ వ్రాసియున్నాము. కాకోద్కరు సంఘపు సిఫారసును చట్టముగా తెమ్మని దానిలో కోరితిమి. తెలుగులోను, ఒడియాలోను, ఆంగ్లములోను ప్రతులు ఎనిమిదవ తరగతి గదిలోని బల్లమీద నున్నవి. రైల్వే ఉద్యోగులు సంతకము చేయుట నియమములకు విరుద్ధ మగునేమో యని మాకు సంశయము. కావున వారు చేయనక్కరలేదు, మేమును అడుగము. తల్లులు, తాతగార్లు, ఉద్యోగము విరమించినవారు ముందుగా చదివి, సమ్మతమైనచో చేయవలెనని ప్రార్థన. చదువురాని వారికి మన పదవ తరగతి పిల్లలు బిగ్గరగా చదివి వినిపింతురు. కాఫీ, ఉప్మా ఆ గదిలోనే ఏర్పాటు చేసినాము. ఏడు గంటలకు పిల్లల నాటిక ప్రారంభమగును.